మూసీ పుట్టిన చోటికి సైకిల్ మీద: ఆరుబయట మొదటి రాత్రికి ఎలా సిద్ధం కావాలి

సైకిల్ మీద ఊరు దాటి వెళ్లి, ఒక రాత్రి డేరాలో పడుకుని, మర్నాడు ఇంటికి రావడానికి ఖరీదైన సైకిలూ అక్కర్లేదు, పది రోజుల సెలవూ అక్కర్లేదు. ఒక శని, ఆదివారం చాలు. ఇంట్లో ఓ మూల పడి ఉన్న సైకిల్ చాలు. నేను మొదటిసారి వెళ్లేనాటికి నాకు నలభై మూడేళ్లు. రాత్రిళ్లు నిద్ర పట్టేది కాదు, తెల్లారితే ఆఫీసు టెన్షన్. మా అబ్బాయి పదో తరగతిలో తొక్కి వదిలేసిన గేర్ల సైకిల్ దుమ్ము దులిపి, ఓవరాయిలింగ్ చేయించి తొక్కడం మొదలుపెట్టాను. అప్పటినుంచి తెలుసుకున్నవి, మీరు మళ్లీ తడుముకోనక్కర్లేకుండా, వరసగా చెబుతాను.

ముందు ఎక్కడికో, ఎందుకో తేల్చుకోండి

చాలామంది సామాను కొనడంతో మొదలుపెడతారు. నా మాట వింటే ముందు వెళ్లే చోటు తేల్చుకోండి. మిగతావన్నీ దాన్నిబట్టే ఉంటాయి.

మొదటి మూడు నెలలు నేను ఔటర్ రింగు రోడ్డు పక్కనున్న సైకిల్ ట్రాక్ మీదే తిరిగాను. 2023 అక్టోబరులో ప్రారంభమైన ఆ ట్రాక్ మొత్తం 23 కిలోమీటర్లు. పైన సోలార్ పలకల కప్పు ఉంటుంది, లారీల భయం ఉండదు. అలవాటు చేసుకోవడానికి చాలా మంచి చోటు. కానీ కొన్నాళ్లకు ఫోన్‌లో కిలోమీటర్లు పెరుగుతున్నాయే తప్ప నాలో ఉత్సాహం తగ్గుతూ వచ్చింది. ఒక ఉదయం గండిపేట వైపు వెళ్లి, నీళ్లు కనిపించే చోట ఆగాను. గేదెలు తోలుకొస్తున్న పెద్దాయన ఒకరు పలకరించారు.

“ఎటు పోతున్నవ్ బిడ్డా?”

“ఊరికెనే పెద్దయ్యా, సైకిల్ తొక్కుదామని.”

“ఊరికెనే గింత దూరమా? పోతే అనంతగిరి పో. గీ నీళ్లు పుట్టింది ఆడనే.”

గండిపేట నీళ్లు తాగినవాళ్లు హైదరాబాద్‌ను వదల్లేరని మా ఇంట్లో పెద్దలు అనేవాళ్లు. ఆ నీళ్లు తాగి పెరిగిన నేను అవి ఎక్కడ పుడతాయో ఒక్కసారి కూడా వెళ్లి చూడలేదు. మూసీ వికారాబాద్ పక్కన అనంతగిరి కొండల్లో పుట్టి, హైదరాబాద్ నడిబొడ్డున పారి, నల్లగొండ జిల్లా వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. 1908 సెప్టెంబరు 28న ఇదే నది పొంగి నగరాన్ని ముంచెత్తింది, వేలమంది ప్రాణాలు పోయాయి. మళ్లీ అలాంటి వరద రాకూడదని మోక్షగుండం విశ్వేశ్వరయ్య ఇచ్చిన సలహాతో ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ కట్టారు. 1920లో పూర్తయిన ఉస్మాన్ సాగరే మన గండిపేట. ఇదంతా తెలిశాక నా సైకిల్‌కు ఒక పని దొరికింది. ఆ వారం నుంచి తొక్కిన ప్రతి కిలోమీటరూ అనంతగిరి కోసమే తొక్కాను.

మీకూ అలాంటి పని ఒకటి వెతుక్కోండి. మీది కోనసీమ అయితే మీ పొలానికి నీళ్లిచ్చే కాలువ గట్టు పట్టుకుని ధవళేశ్వరం దాకా వెళ్లండి. 1852లో ఆర్థర్ కాటన్ హయాంలో పూర్తయిన ఆనకట్ట నుంచే ఆ కాలువల కథ మొదలైంది. మీది నెల్లూరు అయితే పెన్న సముద్రంలో కలిసే చోటు చూసి రండి. కర్నూలు వాళ్లకు హంద్రీ తుంగభద్రలో కలిసేది ఊళ్లోనే కాబట్టి, అక్కణ్ణుంచి హంద్రీకి ఎదురు తొక్కుకుంటూ పోవచ్చు. నీరే కానక్కర్లేదు. చిన్నప్పుడు సెలవులకు వెళ్లిన అమ్మమ్మ ఊరైనా సరే, మీరు వండుకునే క్యారెట్లు పండే చేవెళ్ల పొలాలైనా సరే. “ఎటు పోతున్నావు” అని దారిలో ఎవరైనా అడిగితే చెప్పడానికి మీ దగ్గర ఒక మాట ఉండాలి. ఆ మాట విన్నవాళ్లు మీతో కూర్చుని మాట్లాడతారు, దారి చెబుతారు, మంచినీళ్లిస్తారు.

దూరం విషయంలో తొందర వద్దు. మొదటిసారికి 40 నుంచి 70 కిలోమీటర్లు చాలు. సామానుతో గంటకు 12–15 కిలోమీటర్లకు మించి సాగదు. హైదరాబాద్ పడమటి అంచు నుంచి శంకర్‌పల్లి మీదుగా అనంతగిరికి దాదాపు 70 కిలోమీటర్లు. ఆగుతూ పోతే ఏడెనిమిది గంటలు పడుతుంది. చేవెళ్ల దారిలో రెండువైపులా వందల మర్రిచెట్లు, వాటిని కాపాడుకోవడానికి ప్రకృతి ప్రేమికులు ఏళ్లతరబడి పోరాడిన దారి అది. ఆ నీడలో తొక్కాలని నాకూ మహా ఇష్టం. కానీ బస్సులు, టిప్పర్లు ఎడతెగకుండా తిరిగే రోడ్డు. ప్రమాదాలు ఎక్కువ. కొత్తవాళ్లను నేను అటు పంపను.

సైకిల్‌ను సిద్ధం చేయడం

గేర్ల సైకిల్ ఉంటే మంచిది, ఎక్కుడు తేలికవుతుంది. లేకపోతే ఎక్కుడు వచ్చినచోట దిగి నెట్టుకుంటూ వెళ్లండి, అందులో తప్పేమీ లేదు. బయల్దేరడానికి రెండు వారాల ముందే షాపులో ఇచ్చి చక్రాల బెండు తీయించండి, బ్రేకు రబ్బర్లు మార్పించండి, చైన్‌కు నూనె పెట్టించండి. కొత్త భాగాలు వేయిస్తే ఆ రెండు వారాలు తొక్కి చూడండి. ప్రయాణం ముందురోజు మాత్రం ఏదీ మార్పించొద్దు.

సీటు ఎత్తు సరిచూసుకోవడానికి షాపుకు వెళ్లక్కర్లేదు. గోడకు చెయ్యి ఆనించి సీటు మీద కూర్చోండి. పెడలు పూర్తిగా కిందికి వచ్చినప్పుడు మడమ దాని మీద పెడితే కాలు నిటారుగా ఉండాలి. అప్పుడు ముందరి పాదంతో తొక్కేటప్పుడు మోకాలు కొద్దిగా వంగి ఉంటుంది. మోకాళ్ల నొప్పి అని సైకిల్ మానేసినవాళ్లలో చాలామందికి సీటు కిందికి ఉండటమే కారణమని నా నమ్మకం.

ఇక వాల్వ్. ఇది చిన్న విషయంలా ఉంటుంది కానీ పల్లెల్లో పెద్ద తేడా తెస్తుంది. మీ ట్యూబుకు మోటార్ సైకిల్‌కు ఉండే లావుపాటి వాల్వ్ ఉంటే ఏ పంక్చర్ షాపులోనైనా గాలి కొడతారు. సన్నగా, పొడుగ్గా, కొసన చిన్న మర ఉన్న ప్రెస్టా వాల్వ్ అయితే ఆ షాపు పంపు పట్టదు. దానికి వేలి గోరంత ఇత్తడి అడాప్టర్ దొరుకుతుంది. ఒకటి కొని వాల్వ్ మీదే బిగించి ఉంచండి. చేతి పంపు మాత్రం ఎలాగూ మీ వెంట ఉండాలి.

ఒంటిని సిద్ధం చేయడం

నాలుగు వారాలు పెట్టుకోండి. మొదటి వారం రోజు విడిచి రోజు 10 కిలోమీటర్లు. రెండో వారం ఒక ఆదివారం 25, మూడో వారం 40. నాలుగో వారం సామాను మొత్తం కట్టుకుని 30 తొక్కండి. ఈ చివరిది మానొద్దు. బరువు కట్టిన సైకిల్ మలుపులో, బ్రేకు వేసినప్పుడు వేరేలా నడుస్తుంది. అది ఇంటి దగ్గరే తెలియాలి.

సామాను

పది కిలోలు దాటనివ్వొద్దు. ఒకరిద్దరు పడుకునే డేరా రెండు కిలోల లోపు దొరుకుతుంది. కింద పరవడానికి ఫోమ్ చాప. కప్పుకోవడానికి స్లీపింగ్ బ్యాగు, లేదా రెండు దుప్పట్లు. మొదటిసారి నేను అమ్మ కుట్టిన బొంత తీసుకెళ్లి, చాప ఇంట్లో వదిలేశాను. రాత్రి రెండింటికి వణుకుతూ లేచి కూర్చున్నాను. పైన ఎంత కప్పుకున్నా నేల ఒంట్లోని వేడిని లాగేస్తుంది. దుప్పటి ఒకటి తగ్గినా పర్వాలేదు, చాప మాత్రం మరవొద్దు.

మిగతావి: తలకు హెల్మెట్, ముందు తెల్ల లైటు, వెనక ఎర్ర లైటు, టార్చి, పొడి బట్టల జత ఒకటి, పవర్ బ్యాంకు, మందుల పొట్లం, ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు, చిన్న పార. పంక్చర్ సామాను అంటే రెండు ట్యూబులు, ప్యాచ్‌లు, సొల్యూషన్, గరుకు కాగితం, టైరును చక్రం నుంచి ఊడదీసే లివర్లు.

కట్టే పద్ధతి పాలవాళ్లను చూసి నేర్చుకోవచ్చు. పాత ట్యూబును పొడుగు ముక్కలుగా కోసి, క్యారియర్‌కు సాగదీసి ముడి వేస్తారు. ఎంత గతుకుల రోడ్డయినా జారదు, తెగదు, పైసా ఖర్చు లేదు. కొక్కేల తాళ్ల కంటే అదే నాకు నచ్చింది. కొక్కెం ఊడి చక్రంలో పడితే ప్రమాదం. బరువైనవి కిందికి, రెండువైపులా సమానంగా ఉంచండి. అంతా వెనకే వేస్తే ఎక్కుడులో ముందు చక్రం లేస్తుంది, స్పోక్స్ తెగుతాయి. నీళ్లు ముందువైపు ఉంచితే బాగుంటుంది.

తిండికి పులిహోరను మించింది లేదు. చింతపండు పులుపుతో మర్నాటి ఉదయం దాకా నిలుస్తుంది, కడుపు నిండుతుంది. పల్లీ పట్టీలు, అరటిపళ్లు దారిలోనే దొరుకుతాయి. ఉదయం టిఫినుకు ఊరి హోటల్‌లో వేడి ఇడ్లీ తినండి. స్టవ్ మోయకండి.

రాత్రి ఎక్కడ పడుకోవాలి

ఇది బయల్దేరకముందే తేల్చుకోవాలి. అనంతగిరిలో చాలాభాగం రిజర్వు అడవి. అనుమతి లేకుండా అందులో డేరా వేయకూడదు, మంట అసలే పెట్టకూడదు. అక్కడ టూరిజం శాఖ హరిత రిసార్టు ఉంది, చుట్టుపక్కల డబ్బు తీసుకుని డేరాకు చోటిచ్చే ప్రైవేటు క్యాంపులూ ఉన్నాయి. ఫోన్ చేసి మాట్లాడుకుని వెళ్లండి. మొదటిసారికి అదే నయం. స్నానాల గది ఉంటుంది, పక్కన మనుషులుంటారు.

క్యాంపు లేని ఊళ్లో అయితే చీకటి పడటానికి రెండు గంటల ముందే అడగడం మొదలుపెట్టండి. చీకట్లో వచ్చి అడిగే కొత్తమనిషిని ఎవరైనా అనుమానిస్తారు. పొలం గలాయనను, గుడి పూజారిని, ఊరి పెద్దను అడగొచ్చు. పేరు, ఊరు, ఎందుకు వచ్చారో చెప్పండి. ఆధార్ చూపించండి. “పొద్దున్నే వెళ్లిపోతాం, మంట పెట్టం, చెత్త వదలం” అని వాళ్లు అడక్కముందే చెప్పండి. ఒప్పుకోకపోతే దండం పెట్టి ముందుకు సాగండి. ఒంటరిగా వెళ్లొద్దు, ఇద్దరుగానో ముగ్గురుగానో వెళ్లండి. ఆడవాళ్లు ఉంటే ఇంట్లో ఆడవాళ్లున్న చోటే అడగండి. లైవ్ లొకేషన్ ఇంట్లో ఒకరికి పంపి ఉంచండి. అనంతగిరి దారిలో సిగ్నల్ పోయే చోట్లుంటాయి కాబట్టి, ఎన్నింటికి ఫోన్ చేస్తారో ముందే చెప్పండి.

బయల్దేరే రోజు

నవంబరు నుంచి ఫిబ్రవరి మొదటి వారాల దాకా మంచి కాలం. వెలుతురు వచ్చీ రాగానే బయల్దేరండి. ఎండ ముదిరేలోపు సగం దూరం అయిపోవాలి. గంటకు అర లీటరు నుంచి ముప్పావు లీటరు నీళ్లు తాగండి, దాహం వేసేదాకా ఆగొద్దు. మధ్యాహ్నం ఒక లీటరులో ఓఆర్‌ఎస్ ప్యాకెట్ కలుపుకోండి.

రోడ్డుకు ఎడమవైపే తొక్కాలి కానీ తారు అంచుకు అతుక్కుపోవద్దు. అంచు విరిగి మట్టిలోకి దిగిపోయిన చోట చక్రం జారితే పడేది లారీ కిందికే. అంచు నుంచి రెండు మూడడుగులు లోపలికి, తిన్నగా వెళ్లండి. హారన్ కొట్టారని కంగారుపడి పక్కకు లాగొద్దు.

వికారాబాద్ చేరాక కొండకు ఇంకా ఆరేడు కిలోమీటర్లు. ఒళ్లు అలిసిపోయాక వచ్చే ఎక్కుడు అది. ఊళ్లోనే అరగంట కూర్చుని టీ తాగి బయల్దేరండి.

పంక్చర్ పడితే

పడుతుంది. తుమ్మముళ్లు, పల్లేరుకాయలు ఉన్న నేల మనది. మోమిన్‌పేట దారిలో నాకు వెనక చక్రం దిగిపోయింది. తొందరలో పాత ట్యూబు తీసి కొత్తది ఎక్కించి గాలి కొట్టాను. రెండు వందల మీటర్లు వెళ్లానో లేదో అది కూడా దిగిపోయింది. టైరులో ముల్లు అలాగే ఉంది.

కాబట్టి ఈ వరస తప్పొద్దు. ముందు ట్యూబు తీసి, గాలి కొట్టి, నీళ్లలో ముంచండి. నీళ్లు లేకపోతే తడి పెదవుల దగ్గర పెట్టుకుని తిప్పండి, సన్నగా చల్లగాలి తగులుతుంది. చిల్లు దొరికిన చోట గుర్తు పెట్టి, ట్యూబును టైరు పక్కన అదే వరసలో పెట్టి చూస్తే ముల్లు ఎక్కడుందో తెలిసిపోతుంది. తర్వాత టైరు లోపల వేలి కొసలతో నెమ్మదిగా తడమండి, గట్టిగా రుద్దితే వేలు తెగుతుంది. తుమ్మముల్లు బయట విరిగిపోయి, లోపల బియ్యపు గింజలో సగమంత పొడుచుకుని ఉంటుంది. కంటికి ఆనదు, వేలికే తెలుస్తుంది. దాన్ని గోళ్లతో లాగేశాక టైరు చుట్టూ ఇంకోసారి తడమండి. అప్పుడే ట్యూబు ఎక్కించాలి. ప్యాచ్ వేసేటప్పుడు గరుకు కాగితంతో రుద్ది, సొల్యూషన్ పలచగా పూసి, దాని తడి మెరుపు పోయేదాకా ఆగండి. ఆ ఐదు నిమిషాలు ఓపిక పడితే ప్యాచ్ ఊడదు.

రోడ్డు పక్కన నేలమీద కూర్చుని, నా చేత్తో నేనే ఆ ముల్లు తీసిన క్షణం నాకు ఇప్పటికీ గుర్తుంది. ఆఫీసులో నెలల తరబడి చేసిన పనిలో ఏది పూర్తయిందో చెప్పలేకపోయేవాణ్ని. ఇక్కడ పావుగంటలో చక్రం మళ్లీ తిరిగింది.

రాత్రి

డేరా వేయడానికి వాగు అడుగు, పల్లం, ఎండుకొమ్మలున్న చెట్టు కింద వద్దు. చదునైన, కాస్త ఎత్తు నేల చూసి, రాళ్లు ఏరి, వెలుతురు ఉండగానే వేయండి. జిప్పు ఎప్పుడూ మూసే ఉంచండి. కట్లపాము రాత్రిపూట తిరుగుతుంది, నేలమీద పడుకున్నవాళ్లను నిద్రలోనే కాటేస్తుంది, కాటు నొప్పి కూడా తెలియకపోవచ్చు. మూసిన డేరా దానికి మంచి అడ్డు. చెప్పులు, బూట్లు లోపలే పెట్టుకోండి, ఉదయం దులిపి తొడుక్కోండి. టార్చి లేకుండా అడుగు బయట పెట్టొద్దు. పాము కరిస్తే కోయొద్దు, గట్టిగా కట్టొద్దు, నాటుమందు వద్దు. మనిషిని కదలనివ్వకుండా 108కి ఫోన్ చేసి ఆసుపత్రికి చేర్చాలి. దీనికి భయపడి ప్రయాణం మానుకోమని నా ఉద్దేశం కాదు, తెలుసుకుని వెళ్తే నిద్ర బాగా పడుతుంది.

తిండి సంచి బయట వదలొద్దు, అనంతగిరి కోతులు తెల్లారకముందే వస్తాయి. కాలకృత్యాలకు నీటికి దూరంగా వెళ్లి, జానెడు లోతు గుంట తవ్వి, మట్టి కప్పేయండి.

ఇవన్నీ అయ్యాక ఇక చేయాల్సిన పనేమీ ఉండదు. ఫోన్ పక్కన పెట్టేసి డేరా ముందు కూర్చోండి. డిసెంబరు రాత్రి ఎనిమిదింటికి నడినెత్తికి కాస్త తూర్పున గుత్తిలా చిన్న చుక్కలు కనిపిస్తాయి. మా నాయనమ్మ వాటిని పిల్లలకోడి అనేది. నగరంలో ఇరవయ్యేళ్లుగా నేను వాటిని చూడలేదు. ఆ రాత్రి తొమ్మిదింటికే కళ్లు మూతలు పడ్డాయి. ఏ మాత్రా వేసుకోలేదు.

ఉదయం, తిరుగు ప్రయాణం

పొద్దున్నే అనంత పద్మనాభస్వామి గుడి వైపు నడవండి. అడవి మధ్య గుడి, మంచు తెర, ఆకుల మీంచి నీటిబొట్లు రాలుతున్న చప్పుడు. నేను వెళ్లినప్పుడు గుడి కింద వాగులో నీళ్లు చీలమండ మునగనంత ఉన్నాయి. చేత్తో తాకి చూశాను, చల్లగా, తేటగా ఉన్నాయి. చాదర్‌ఘాట్ వంతెన మీద ముక్కు మూసుకుని దాటే నది ఇదేనా అని చాలాసేపు అక్కడే నిలబడ్డాను. ఆ రోజు నుంచి ఇంట్లో సింకులో పోసే ప్రతిదీ ఎటు పోతుందో ఆలోచిస్తున్నాను. మా కాలనీలో వాన నీటి గుంతల కోసం ఇల్లిల్లూ తిరగడం కూడా అప్పుడే మొదలైంది.

కాళ్లు సహకరించకపోతే వికారాబాద్ జంక్షన్ నుంచి లింగంపల్లి, సికింద్రాబాద్ వైపు రైళ్లున్నాయి. సైకిల్‌ను పార్సిల్ ఆఫీసులో బుక్ చేయాలి. ఏ రైలుకు కుదురుతుందో ముందే స్టేషన్‌లో కనుక్కోండి.

ఇంటికొచ్చాక ఎంత అలసిపోయినా డేరాను మడిచి అటక మీద పడేయొద్దు. మంచుకు తడిసి ఉంటుంది, వారంలో బూజు పడుతుంది. మేడ మీద నీడపట్టున ఆరేయండి. చైన్ తుడిచి నూనె పెట్టండి. తర్వాత ఒక కాగితం తీసుకుని, మోసుకెళ్లి వాడనివన్నీ రాయండి. నా కాగితంలో మూడో జత బట్టలు, చదవని రెండు పుస్తకాలు, గిన్నెల సెట్టు ఉన్నాయి. అవి తీసేస్తే మూడున్నర కిలోలు తగ్గింది. ఆ బరువుతోనే తర్వాతి జనవరిలో వాడపల్లి దాకా వెళ్లి, మూసీ కృష్ణలో కలిసే చోటు చూసి వచ్చాం.